బాలచౌర్యము - దండవివేకము

తిరుమలేశుని సేవించుకొని వచ్చు యాత్రికులలో పలువురు చిత్తూరు సమీపముననున్న కాణిపాక క్షేత్రమును గూడ దర్శింతురు. ఆ క్షేత్రముచెంత పారు నదికి బాహుద యని పేరు. బాహువుల నిచ్చినది గావున బాహుద యైనదని అచ్చటి స్థలపురాణము. మహాభారతము శాంతిపర్వమునందు వ్యాసభగవానుడు ధర్మరాజునకు వినిపించిన శంఖలిఖితుల యుపాఖ్యానము దీనికి మూలము. భారతమందలి బాహుద ఏ దేశమున పారినదను చర్చ ఇచ్చట అక్కరలేదు. కథ మాత్రము మిక్కిలి విచారింపదగినది. ఏలయన అది ఒక చిన్న దొంగతనమును గూర్చిన కథ.

శంఖుడును లిఖితుడును అన్నదమ్ములు. నదీతీరమున వేర్వేరు ఆశ్రమములందు తపస్సు చేసికొనుచుండిరి. ఒకనాడు లిఖితుడు అన్నగారి ఆశ్రమమునకు రాగా శంఖుడు అచ్చట లేడు. చెట్లకు పండ్లు చక్కగా పండియుండెను. లిఖితుడు కొన్ని కోసికొని నిశ్చింతగా భుజించుచుండగా అన్న తిరిగివచ్చి ఆ పండ్లు ఎక్కడివని యడిగెను. ఇక్కడివేయని తమ్ముడు నవ్వుచు బదులు చెప్పెను. అడుగక తీసికొనుట చౌర్యమేయనియు, రాజునొద్ద కేగి తప్పు చెప్పుకొని చోరునకు తగిన దండనము పొందిరమ్మనియు శంఖుడు పంపెను. సుద్యుమ్న మహారాజు మునికి ఎదురేగి సంగతి నంతయు వినెను. దండించుటకు రాజెట్లు ప్రమాణమో విడిచిపెట్టుటకును అట్లే ప్రమాణమని పలికి ఆయనను క్షమింపజూచెను. లిఖితుడు పట్టువిడువలేదు. అంతట రాజు ఆయన చేతులు రెండును ఖండింపజేసెను. తిరిగివచ్చిన తమ్మునితో శంఖుడు తనకు కోపము లేదని చెప్పి, నదిలో స్నానమాడి దేవ ఋషి పితృతర్పణములు చేయుమనెను. తర్పణమునకు పూనుకొనినంతనే లిఖితునకు పద్మములవంటి చేతులు మరల మొలిచెను.

చోరులకు కఠినశిక్ష యుండవలెనను వారు ఈ కథను తరచుగా ఉదాహరింతురు. పండ్లకే చేతులు తీయించిన ధర్మము మనది, నేటి పిల్లలకు చిన్న దెబ్బయైనను తగులకపోవుటచేతనే అంగళ్లలో వస్తువులు మాయమగుచున్నవని వారి వాదము. కథను సగము చదివినవారి వాదమిది. లిఖితుడు బాలుడు కాడు, తపస్సంపన్నుడు, శంఖునితోపాటు ధర్మశాస్త్రకర్తలలో యాజ్ఞవల్క్యునిచేత పేర్కొనబడినవాడు. దండనమును ఆయనయే కోరెను, రాజు కోరలేదు. అన్నకు కోపము లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. చేతులు పోవుటతో కథ ముగియలేదు, చేతులు మరల వచ్చుటతో ముగిసినది.

నేడు అంగడి తీరు మారినది. పూర్వము వర్తకుడు అడిగిన సరకును తానే తూచి యిచ్చుచుండెను. ఇప్పటి పెద్ద దుకాణములందు సరకులన్నియు చేతికందునట్లు పరచియుండును; కొనువాడే ఏరుకొనును; పైనుండి సీసీ కెమెరా చూచుచుండును. పదునాలుగు, పదునైదేండ్ల బాలుడో బాలికయో ఒక చాక్లెట్టును, అత్తరు సీసాను, సెల్‌ఫోనుకు పెట్టు తీగను జేబులో దాచుకొని ద్వారమునొద్ద పట్టుబడుదురు. అటుపిమ్మట కొన్ని చోట్ల జరుగుచున్నది చూడరానిది. స్తంభమునకు కట్టుదురు, గుండు గీయింతురు, నలుగురును చేరి కొట్టుదురు, ఆ దృశ్యమును సెల్‌ఫోనుతో తీసి ఊరూరికి పంపుదురు. దొంగతనము మొదలగు నేరములకు న్యాయస్థానములు విధించుచు వచ్చిన కొరడాదెబ్బల శిక్షను మన పార్లమెంటు 1955లోనే రద్దు చేసినది. న్యాయాధికారి చేయరాని పనిని వీథిలో గుమిగూడిన జనము చేయుట ఏ ధర్మము?

వర్తకుని పక్షమును మరువరాదు. చిన్న అంగడివానికి దినమంతయు నిలిచి గడించిన లాభము ఒక్క వస్తువుతో పోవచ్చును. పిల్లవాడు గదా యని నవ్వి ఊరకుండుట ఆతనికి అన్యాయము. పిల్లవానికి అంతకంటె అన్యాయము. దండనము ఉండవలెనా యను ప్రశ్నకు శాస్త్రములో సందేహము లేదు. ఎంత, ఎట్లు అనునదే విచార్యము.

అపరాధమును, దేశమును, కాలమును, బలమును, వయస్సును, చేయు పనిని, ధనమును తెలిసికొనిన పిదపనే దండింపవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. వయస్సు ఆ పట్టికలోనే యున్నది. మనువు దండనమునకు నాలుగు మెట్లు చెప్పెను. మొదట మాటతో మందలించుట, పిమ్మట ధిక్కరించుట, ఆ పైన ధనదండము, చిట్టచివర శరీరదండము. వీథిజనము మొదటి మూడు మెట్లను వదలి నాలుగవదానిపైకి దుముకుచున్నారు. చౌర్యవిషయముననే మనువు మరియొక మాట చెప్పెను. దొంగిలించిన శూద్రునకు దోషము ఎనిమిది రెట్లు, వైశ్యునకు పదునారు, క్షత్రియునకు ముప్పదిరెండు, బ్రాహ్మణునకు అరువదినాలుగు, లేక నూరు, లేక నూటయిరువదియెనిమిది రెట్లు. దోషమిట్టిదని ఎరిగియు చేసినవాడగుటయే హేతువు. మనువు చెప్పిన వర్ణభేదములను గూర్చి ఎవరేమి తలంచినను, ఇక్కడి న్యాయము స్పష్టము: తెలివి పెరిగినకొలది దండనము పెరుగవలెను. ఈ లెక్కను తిరిగి చూచినచో తెలివి ఇంకను పండని బాలునకు దండనము తగ్గవలసియున్నది.

ప్రాయశ్చిత్త ప్రకరణములందు ఈ విషయము మరింత వివరముగా నున్నది. పదునారేండ్లు నిండని బాలునకు, ఎనుబదేండ్ల వృద్ధునకు సగము ప్రాయశ్చిత్తమే విధింపబడినది. ఐదేండ్లు దాటి పదునొకండవ యేడు నిండనివాడు తప్పు చేసినచో వాని పెద్దలే వానికొరకు ప్రాయశ్చిత్తము నాచరింపవలెను. ఐదేండ్లలోపు శిశువునకు అపరాధమును లేదు, రాజదండమును లేదు. పెద్దలు తాముగా ప్రాయశ్చిత్తము చేయుట యను భాగము నేటి గృహస్థులకు బొత్తిగా తెలియకున్నది. పిల్లవాడు పట్టుబడినంతనే తండ్రి అందరికంటె ముందుగా చేయిచేసికొనును. నలుగురిలో తన పరువు నిలుపుకొనుటకు చేయు పనియేకాని అది పిల్లవానిని దిద్దుటకు చేయునది కాదు.

ఆదిపర్వమందలి మాండవ్యోపాఖ్యానము ఈ సందర్భమున తప్పక స్మరింపదగినది. దొంగలు సొమ్మును మాండవ్యముని ఆశ్రమమున దాచి తామును అచ్చటనే నక్కియుండిరి. మౌనవ్రతమందున్న ముని రాజభటుల ప్రశ్నలకు పలుకలేదు. సొమ్ము అచ్చట దొరకుటచేత ఆయనను గూడ దొంగలతోపాటు పట్టుకొనిరి. రాజు శూలమున కొరత వేయించెను. వస్తువు దొరకినచోట నున్నవాడెల్ల దొంగ కాడు. శ్రీరంగమున బంగారు పాత్ర విషయమై విప్రనారాయణుడు అపవాదుపాలైన కథ వైష్ణవులకు క్రొత్తది కాదు. మాండవ్యుడు ప్రాణములతో నిలిచి, యమధర్మరాజు నొద్దకేగి తాను చేసిన పాపమేమని యడిగెను. బాల్యమున పురుగులను పుల్లలతో గ్రుచ్చిన ఫలమని యముడు చెప్పెను. స్వల్పదోషమునకు ఇంత దండనమా యని ముని కోపించి, యముని మనుష్యుడై పుట్టుమని శపించెను. విదురుడై పుట్టినది ఆ ధర్మదేవతయే. అంతటితో ఆగక పదునాలుగేండ్ల వరకు చేసిన పని పాతకము కాకుండునట్లు లోకమునకు క్రొత్త మర్యాదను స్థాపించెను. బాలుని తప్పును పెద్దవాని తప్పుగా తూచినందులకు ధర్మదేవతకే శిక్ష తప్పలేదు.

దండనము మితిమీరినపుడు ధర్మము నిలువదనుటకు పరదేశచరిత్రయును సాక్షి. ఇంగ్లండులో అంగడినుండి ఐదు షిల్లింగుల విలువగల వస్తువును రహస్యముగా దొంగిలించినవానికి ఉరి యని 1699లో శాసనము చేసిరి. అటుపిమ్మట జ్యూరీలో కూర్చున్న సజ్జనులు, ఎదుట నిలిచినవారిని ఉరికి పంపలేక, ఎక్కువ విలువగల వస్తువునకును ఐదు షిల్లింగులకు లోపుగా వెలకట్టి తీర్పు చెప్పుట సామాన్యమైనది. కఠినశాసనము దొంగలను మాన్పలేదు సరిగదా, సత్యము చెప్పుదుమని ప్రమాణము చేసినవారిచేత అబద్ధమాడించినది.

ఇక భాగవతము. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. చిన్నికృష్ణుడును వెన్న దొంగిలించెను గదా యని పిల్లల తప్పును కప్పిపుచ్చువారు కలరు. సర్వమునకు స్వామియైనవాడు తన సొత్తును తాను తీసికొనుట చౌర్యము కాదు; అది లీల. దానిని మనపిల్లలకు సాకుగా చూపరాదు. నేర్చుకొనవలసినది యశోదనుండి. దశమస్కంధమున ఆ తల్లి కర్ర పట్టుకొని బాలుని తరిమెను. పట్టువడిన బిడ్డ కన్నులు నులుముకొనుచు భయపడుట చూచి కర్రను పారవేసెను. అయినను విడిచిపెట్టలేదు, రోటికి కట్టెను. దెబ్బ పోయినది, కట్టు నిలిచినది. ఆ కట్టుత్రాడుతోనే స్వామి రోటిని ఈడ్చుకొనిపోయి మద్దిచెట్లుగానున్న నలకూబర మణిగ్రీవులకు విముక్తి కలిగించెను. వారును యౌవనమదముచేత తప్పు చేసి నారదునివలన శాపము పొందినవారే. శాపమిచ్చునపుడే నారదుడు దానికి గడువు పెట్టెను, పూర్వస్మృతి చెడకుండునట్లు అనుగ్రహించెను. గడువులేని శిక్షను ఆ దేవర్షి విధింపలేదు. సెల్‌ఫోనులో తీసి లోకమునకు పంపిన అవమానమునకు గడువేది? ఆ బాలిక పెరిగి పెండ్లియైన తరువాతను అది తిరుగుచునే యుండును.

నేటి రాజశాసనము ఈ విషయమున శాస్త్రహృదయమునకు దూరముగా లేదు. ఏడేండ్లలోపువాడు చేసినది నేరమే కాదు. 2016 జనవరినుండి అమలులోనున్న బాలల న్యాయ చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారిని పోలీసు లాకప్పునందుగాని జైలునందుగాని ఉంచరాదు. ఇరువదినాలుగు గంటలలో బాలల న్యాయ మండలి యెదుట నిలుపవలెను. అందొక మేజిస్ట్రేటును, ఇద్దరు సంఘసేవకులును ఉందురు; ఆ ఇద్దరిలో ఒకరైనను స్త్రీ కావలెను. అంగడిలోని చిన్న దొంగతనమునకు మండలి మందలించి ఇంటికి పంపవచ్చును, సంఘసేవ చేయింపవచ్చును, తలిదండ్రులచేత జరిమానా కట్టింపవచ్చును. పత్రికలలో బాలుని పేరును, చిత్రమును ప్రకటించుట నిషిద్ధము. పెద్దవారి విషయమునను 2024 జూలై 1 నుండి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, ఐదువేల రూపాయలకు లోపు వస్తువును మొదటిమారు దొంగిలించి తిరిగి యిచ్చినవానికి సంఘసేవనే శిక్షగా చెప్పుచున్నది. ముప్పదేండ్లవానికి సంఘసేవ, పదునాలుగేండ్లవానికి స్తంభమా?

గృహస్థు చేయవలసినది కొంత కలదు. తండ్రియో తల్లియో బిడ్డను వెంటబెట్టుకొని ఆ అంగడికి పోవలెను. జనము లేని వేళ పోవుట మేలు. వస్తువును బిడ్డ తన చేతితో తిరిగి యిచ్చి, తన నోటితో తప్పు చెప్పుకొనవలెను. లిఖితుడు రాజునొద్ద చేసినది ఇదియే. వస్తువు పాడైనచో దాని వెల బిడ్డ దాచుకొన్న డబ్బునుండియో, సెలవు దినములలో చేసిన పనినుండియో తీర్పింపవలెను. తండ్రి తన జేబునుండి తీసి పారవేసినచో బిడ్డకు తెలియునది డబ్బుతో తప్పు చెల్లుననియే. ఆ వారము పెద్దలు ఒక పూట ఉపవాసముండి బిడ్డతో కూర్చుండి విష్ణుసహస్రనామము పఠించినచో, తప్పులో తామును పాలుపంచుకొన్నట్లు బిడ్డకు చెప్పకయే తెలియును. వర్తకుడును ఆ బిడ్డ మరల సరకుకొరకు వచ్చిననాడు మునుపటివలెనే పలుకరింపవలెను.

దొంగతనములన్నియు ఒకటి కావు. ఆకలిచే తీసినది వేరు, తోడివారు సవాలు చేయగా తీసినది వేరు, ఇంట అడిగిన ఇయ్యరని తీసినది వేరు. కారణమును, పదేపదే చేయు స్వభావమును విచారింపవలెనని మనువే చెప్పియున్నాడు. మూడవమారు, నాలుగవమారు జరిగినచో ఇంటి మందలింపు చాలదు. ఉపాధ్యాయునితోను, వైద్యునితోను చెప్పవలెను. అవసరమైనచో మండలి సహాయము పొందవలెను. పరువుపోవునని తొలినాడు దాచిపెట్టి, చేయిదాటిన పిదప పోలీసు ఠాణా మెట్లెక్కు తలిదండ్రులే నేడు పెక్కుమంది.