శాలువా సరే, పల్లవి ఎవరు ఎత్తుకుంటారు?

పోయినవాళ్ళ గురించి ఎంత చక్కగా మాట్లాడతామో కదమ్మా మనం! ఆదరణ కూడికలో మైకు చేతికొస్తే చాలు, "మామ్మగారు ఎంత ప్రార్థనాపరురాలో! గుడి తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేది" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటాం. ఆ మామ్మగారే ఏడాదిపాటు మంచాన ఉంటే ఆ గడప ఎంతమందిమి తొక్కామో లెక్క తీస్తే, కూడికలో సగం మంది తలొంచుకోవాల్సిందే.

బతికుండగా ఏమీ చేయడం లేదా అంటారేమో. చేస్తున్నాం, కాదనను. ఏడాదికోసారి పెద్దవాళ్ళని వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, శాలువాలు కప్పి, దండలేసి, ఫోటో దిగి, బిరియానీ పెట్టి పంపిస్తాం. మంచిదే. ఆ మర్నాటి నుంచి సంఘంలో వాళ్ళకంటూ ఒక పని మిగిల్చామా అన్నదే నా బాధ. ముసలితనంలో మనిషికి కాళ్ళనొప్పుల కంటే ఎక్కువ సలిపేది "నాతో ఎవరికీ పనిలేదు" అన్న దిగులేనమ్మా.

మా గుంటూరు వైపు లూథరన్ గుళ్ళ సంగతే చూడండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటలకి పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌధరిగారు 1803లో పుట్టి 1890 దాకా బతికారు. ఆయన కీర్తనలు ఇప్పటికీ పాడుకుంటున్నామంటే అది పుస్తకం ఒక్కదాని పుణ్యం కాదు, మన మామ్మల గొంతు పుణ్యం. రాగం పేరు అడిగితే వాళ్ళలో చాలామంది చెప్పలేరు. కొందరికి అక్షరం ముక్క రాదు. అయినా పాత చీరపేలికతో అట్ట కుట్టుకున్న ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, తొడ మీద తాళం వేస్తూ, పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా తడుముకోకుండా పాడేస్తారు. పుస్తకం తలకిందులుగా ఉన్నా వాళ్ళకి పట్టింపు లేదు!

ఇప్పుడేమో గుళ్ళో తెర వచ్చింది, కీబోర్డు వచ్చింది. రావద్దనడం లేదు, మన పిల్లలు అలా పాడుకుంటేనే గుడికి వస్తారు. కానీ కళ్ళల్లో శుక్లాలున్న మామ్మకి తెర మీద పాట కనపడదు, కనపడేలోపు పేజీ మారిపోతుంది. నిన్నటిదాకా గుడంతటికీ పాట ఎత్తి ఇచ్చిన మనిషి ఇప్పుడు పెదవులు కదుపుతూ చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు కూడా పక్కవాళ్ళని చూసి కొట్టడమే.

ముసలివాళ్ళు ఏం చేస్తారులే అనేవాళ్ళకి నేను ఫాదర్ హయ్యర్‌గారి కథ చెబుతాను. 1842లో గుంటూరొచ్చి పని మొదలుపెట్టిన మిషనరీ ఆయన. తర్వాత అమెరికా వెళ్ళిపోయారు. 1869లో రాజమండ్రి మిషనుని నడపలేక వేరే మిషనుకి అప్పగించేద్దామని వాళ్ళ సంఘం అనుకుంటుంటే, వద్దని వాదించి, నేనే వెళ్తానని బయల్దేరారు. అప్పటికి ఆయన వయసు 76! ఓడ ప్రయాణం, మన ఎండలు. ఇవాళ్టి మన కమిటీ అయితే "అయ్యగారూ, మీరు విశ్రాంతి తీసుకోండి" అని శాలువా కప్పి ఉండేది.

కమిటీ అంటే గుర్తొచ్చింది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. యెరూషలేము సంఘంలో సణుగుడు ఎందుకు పుట్టింది? గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకి రోజువారీ వడ్డనలో సరిగా అందడం లేదని. దాన్ని సర్దడానికే స్తెఫనుతో కలిపి ఏడుగురిని ఏర్పరచారు. మనం కమిటీ వేస్తే సౌండ్ సిస్టమ్ కోసమో ప్రహరీగోడ కోసమో వేస్తాం. వాళ్ళు దిక్కులేని ఆడవాళ్ళ ముద్ద కోసం వేశారు.

పెద్దవాళ్ళంతా దేవతలనీ చెప్పనులెండి. "మా రోజుల్లో ఇలా ఉండేదా" అని మొదలెడితే సంధ్యారాధన దాటి పోతుంది. కోడలి చీర, మనవరాలి జుట్టు ఏదీ వదలరు. ఆ సణుగుడు పదినిమిషాలు ఓర్చుకుంటే దాని వెనకాలే గుడికి స్థలమిచ్చిందెవరో, ఇటుకలు మోసిందెవరో, ఏ ఇంట్లో ఎందుకు మాటలు లేవో అన్నీ బయటికొస్తాయి. అదంతా ఏ రిజిస్టర్లోనూ ఉండదు. ఫోన్‌లో రీల్స్ తీసే మన పిల్లలకి ఆ మాటలు రికార్డు చేయడం ఎంతసేపు పని?

ఇంకోమాట, కోపగించుకోకండి. ఊళ్ళో మామ్మలందరినీ పరామర్శించొచ్చి, ఇంట్లో అత్తగారికి బీపీ బిళ్ళ ఇవ్వడం మర్చిపోతే ఆ పరిచర్య ఏ ఖాతాలో రాసుకోవాలమ్మా?

మా స్త్రీల సమాజంలో ఈమధ్య చిన్న ఏర్పాటు చేసుకున్నాం. సంస్కారపు ఆదివారం నాడు ఆటో మాట్లాడి, నడవలేనివాళ్ళని ఎక్కించుకొస్తున్నాం. రాలేనివాళ్ళ ఇంటికి అయ్యగారితో పాటు మాలో ఇద్దరు వెళ్తున్నారు. ఆరాధనలో ఒక్క కీర్తన మాత్రం తెర లేకుండా, కీబోర్డు లేకుండా పెద్దవాళ్ళే ఎత్తుకోవాలి. మొదటివారం కీబోర్డు కుర్రాడు మొహం ముడుచుకున్నాడు. తర్వాత తనే మామ్మ పక్కన కూర్చుని శ్రుతి వెతుక్కోవడం మొదలెట్టాడు.

తంటా ఎక్కడొచ్చిందంటే, మా మామ్మలిద్దరికీ ఒక కీర్తన దగ్గర పడలేదు. రెండో చరణం పైకి తీయాలని ఒకావిడ, కాదు కిందికే దించాలని ఇంకొకావిడ. "మా అమ్మ ఇలాగే పాడేది" అని ఈవిడ, "మీ అమ్మకి నేర్పింది మా అమ్మే" అని ఆవిడ. అయ్యగారు సర్దబోతే ఇద్దరూ కలిసి ఆయన్నే కసిరారు. తగువు ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం రెండు రకాలుగానూ పాడి చూద్దామంటున్నారు.