ముందు నీ కొలత తీసుకో బిడ్డా

జహీరాబాద్

బిడ్డా,

నువ్వు కుట్టు మిషన్ కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కాలితో తొక్కేదే తీసుకుని దానికి మోటారు పెట్టించావట. తెలివైన పని. కరెంటు పోయినా నీ పని ఆగదు. కత్తెర కూడా చేతికి బరువు తెలిసేది చూసి కొన్నావని విని సంబరపడ్డాను. "మరి కూచోవడానికి ఏం కొన్నది?" అని అడిగితే, "ఇంట్ల ప్లాస్టిక్ స్టూల్ ఉన్నది గదక్కా" అన్నది మీ అమ్మ. ఈ ఉత్తరం ఆ స్టూల్ గురించే.

చిన్న విషయానికి ఇంత ఉత్తరమా అనుకోకు. మిషన్‌కు నూనె వేస్తావు, బెల్టు సాగితే బిగిస్తావు, సూది మొద్దుబారితే మారుస్తావు. ఆ మిషన్‌ను నడిపేది నీ నడుము, నీ మెడ, నీ మోకాళ్లు. వాటిని మోసే స్టూల్ కూడా మిషన్‌లో భాగమే. అమెరికాలో సింగర్ 1851లో పేటెంట్ తీసుకున్న మిషన్ నుంచి నీ ఇంటికొచ్చిన మోటారు మిషన్ దాకా సూది, షటిల్, చక్రం అన్నీ మెరుగుపడుతూ వచ్చాయి. కూచునేదాన్ని మాత్రం కొన్నవాళ్లకే వదిలేశారు. దుకాణం నుంచి మిషన్ వస్తుంది, స్టాండు వస్తుంది, స్టూల్ రాదు. అది నువ్వు చూసుకోవాల్సిందే.

నువ్వెంతసేపు కూచోబోతున్నావో నాకు తెలుసు. మీ చిరాగ్‌పల్లి హైదరాబాద్–ముంబై రోడ్డు మీద, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ మాట్లాడే ఇండ్ల నుంచి నీకు బట్టలు వస్తాయి. బతుకమ్మకు జాకెట్లు, రంజాన్‌కు సల్వార్లు, మాఘమాసంలో పెళ్లి బట్టలు, బడులు తెరిచే ముందు యూనిఫామ్‌లు. పొదుపు సంఘాల ఆడవాళ్లు కుట్టే ఆ బడి యూనిఫామ్‌లకు కూలి 2024లో జతకు 50 రూపాయల నుంచి 75కు పెరిగింది. పెరగడం మంచిదే. కానీ జత లెక్కన వచ్చే కూలి మనిషిని లేవనివ్వదు. ఇంకొక్క జత, ఇంకొక్క జత అనుకుంటూ పొద్దు గూకేదాకా కూచోబెడుతుంది. అట్లా కూచున్న ఒంటికి ఇంచు ఎత్తు తేడా వచ్చినా సాయంత్రానికి తెలిసిపోతుంది. స్టూల్ పొట్టిదైతే చేతులు టేబుల్ మీదికి ఎక్కించుకోవాలి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, రాత్రికి మెడ పట్టేస్తుంది. మరీ ఎత్తైతే సూది దగ్గరికి తల వంచాలి, వీపు వంగిపోతుంది, పెడల్ మీద మడమ ఆనదు, పిక్కలు గుంజుతాయి.

టేపు ఎప్పుడూ నీ మెడలోనే ఉంటుంది. ఊరందరి కొలతలు పుస్తకంలో రాసుకుంటావు. ఇప్పుడు నీ కొలతలు రాసుకో. ఒకరి కొలతకు కుట్టిన జాకెట్ ఇంకొకరికి పట్టనట్టే, ఒకరికి సరిపోయిన స్టూల్ ఇంకొకరికి సరిపోదు. కాబట్టి పక్కింటి టైలర్ స్టూల్ చూసి అలాంటిదే కావాలని అడగకు.

చెప్పులు విడిచి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి ఒక గట్టి బల్ల మీద కూచో. నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతుందో మీ చెల్లితో కొలిపించు. తర్వాత భుజం వదులుగా వదిలేసి, మోచేయి మడిచి, కూచున్న బల్ల నుంచి మోచేయి కింది దాకా కొలిపించు. ఇక మిషన్ దగ్గరికి పో. నేల నుంచి టేబుల్ పై దాకా ఒక కొలత, నేల నుంచి పెడల్ మీద కాలు ఆనే చోటిదాకా ఇంకో కొలత. మొత్తం నాలుగు అంకెలు. మోకాలి కొలతకు పెడల్ ఎత్తు కలిపితే వచ్చే అంకె కన్నా స్టూల్ తక్కువ ఉండకూడదు. టేబుల్ ఎత్తులోంచి మోచేయి కొలత తీసేస్తే వచ్చే అంకెను దాటకూడదు. ఆ రెండింటి నడుమ ఉంటుంది నీ స్టూల్.

ఉదాహరణకు మోకాలి కొలత పదిహేనున్నర, పెడల్ మూడు ఇంచులు అనుకో. కింది హద్దు పద్దెనిమిదిన్నర. స్టాండు టేబుళ్లు సాధారణంగా 30 ఇంచుల దగ్గర ఉంటాయి, మోచేయి కొలత ఎనిమిదిన్నర అయితే పై హద్దు ఇరవై ఒకటిన్నర. నేనైతే 19 చేయించమంటాను. మోచేయి టేబుల్ కన్నా రెండు మూడు వేళ్లు కిందికి ఉన్నా కుట్టే పనిలో ఇబ్బంది లేదు. పైగా కళ్లు సూదికి దగ్గరగా ఉంటాయి, మెడ అంతగా వంచక్కర్లేదు. మోచేయి సరిగ్గా టేబుల్‌తో సమానంగా ఉండాలని పై హద్దుకే పోతే తల ఎత్తున ఉండిపోతుంది, దారం ఎక్కించిన ప్రతిసారీ వంగాలి.

మోటారు పెట్టించావు కాబట్టి ఇంకో సంగతి చూసుకోవాలి. కాలితో తొక్కే పెడల్ నేల కన్నా కొంచెం ఎత్తున ఉంటుంది. మోటారు పెడల్‌ను మనం నేల మీదే పెడతాం. రెండింటికీ ఒకే స్టూల్ కుదరాలంటే మోటారు పెడల్ కింద చెక్క పలక వేసి, రెండూ ఒకే ఎత్తుకు తెచ్చుకో. పలక జరగకుండా కింద పాత సైకిల్ ట్యూబు ముక్క అతికించు. రెండో పాదానికి కూడా అంతే ఎత్తు చెక్క వెయ్యి. ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి గంటలు కూచుంటే నడుము ఒక పక్కకు ఒరిగిపోతుంది.

వడ్లాయన దగ్గరికి పోయే ముందు ఎత్తును పరీక్షించు. ఇంట్లో ఉన్న గట్టి స్టూల్ మీద మందపాటి పుస్తకాలో, చెక్క ముక్కలో, మడిచిన బొంతో పేర్చి నీ లెక్కకు వచ్చిన ఎత్తు చెయ్యి. దాని మీద కూచుని ఒక చీరకు ఫాల్ అంతా కుట్టు. అయిపోయాక లేచి భుజాలు ఎట్లా ఉన్నాయో, తొడ కింద నొక్కుతున్నదో లేదో చూసుకో. అర ఇంచు తీసి ఇంకో చీర కుట్టు. అర ఇంచు కలిపి ఇంకోటి. ఏ ఎత్తు మీద నీకు స్టూల్ సంగతి గుర్తుకే రాలేదో అదే నీ ఎత్తు. బొంత మీద కూచున్నప్పుడు అది అణిగిపోతుంది కాబట్టి, అణిగాక ఉన్న ఎత్తునే కొలవాలి. చాలామంది మెత్త వెయ్యకముందు కొలిచి చేయించుకుంటారు, తర్వాత మెత్త వేసి కాళ్లు అందడం లేదంటారు.

ఇక పీఠం. నువ్వు మిషన్ నడుమకు కూచోవు, సూదికి ఎదురుగా కూచుంటావు. సూది ఎడమ పక్కన ఉంటుంది. అంటే ఒళ్లు కొంచెం ఎడమకు జరిగి ఉంటుంది, గుడ్డ తీసుకోవడానికి అటూ ఇటూ ఒరుగుతావు. అందుకే పీఠం వెడల్పు 15 ఇంచులకు తగ్గనివ్వకు. ముందు నుంచి వెనక్కు 12, 13 ఇంచులు చాలు. మోకాలి మడతకు, పీఠం అంచుకు మధ్య మూడు వేళ్ల సందు మిగలాలి. ముందు అంచును గుండ్రంగా చిత్రిక పట్టమని గట్టిగా చెప్పు. పలక అంచు తొడ కింద కోసుకుంటే పాదాలకు తిమ్మిర్లు వస్తాయి. దాన్ని వయసు మీదికో రక్తం తక్కువ మీదికో నెట్టేసి మందులు మింగుతారు. అలాగే వెనక కాళ్లు రెండూ అర ఇంచు ఎక్కువ పెట్టించు. పీఠం అలా కొద్దిగా ముందుకు వాలితే వీపు దానంతటదే నిటారుగా నిలబడుతుంది.

కర్ర విషయంలో పాత ఇంటి దూలమో, దర్వాజా చెక్కో దొరికితే అంతకన్నా మంచిది లేదు. ఏళ్ల తరబడి ఆరిన కర్ర ఇక కుంచించుకుపోదు, బిగువు సడలదు. మీ ఊళ్లో పాత ఇల్లు విప్పేవాళ్లుంటే మీ నాయనను ఒకసారి అడిగి రమ్మను. అది దొరకకపోతే బాగా ఆరిన వేప, నల్ల తుమ్మ మంచివి. మామిడి చెక్క చవక, కానీ పురుగు తొందరగా పడుతుంది. దానితో చేయించకు. పచ్చి కర్ర తెచ్చి ఇప్పుడే చేసిస్తానంటే వద్దను. ఎండాకాలం వచ్చేసరికి ప్రతి అతుకూ కదులుతుంది.

కాళ్లు నాలుగే ఉండాలి. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద ఊగకుండా నిలబడుతుంది, నిజమే. కానీ కింద పడిన గుడ్డ ముక్క కోసం నువ్వు పక్కకు వంగితే అదీ నీతోపాటు ఒరుగుతుంది. నాలుగు కాళ్లూ కింద కొంచెం బయటికి చాచి ఉండాలి, స్టాండు కాళ్లకు తగిలేటంత చాచకూడదు. అడ్డకర్రలు రెండు పక్కలా, వెనకా వేయించు. ముందు మాత్రం ఖాళీగా ఉంచాలి, పాదం అటు నుంచే పోవాలి గదా. అతుకులు మేకులతో కొట్టనివ్వకు. తొక్కినప్పుడల్లా స్టూల్ ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ కదలికకు మేకు బెజ్జం కొద్దికొద్దిగా పెద్దదవుతుంది, ఒకనాటికి కాలు చేతికొస్తుంది. కాలికి బెజ్జం తొలిచి, అడ్డకర్ర కొసను చెక్కి అందులో దిగగొట్టి, జిగురు పెట్టి, పక్క నుంచి చెక్క మేకు వెయ్యాలి. వడ్లాయన దగ్గర నిలబడి చూడు. ఇంటికి తెచ్చేముందే దాని మీద కూచుని ముందు అంచుకు, పక్క అంచుకు, మూలకు బరువు వేసి ఊపు. కిర్రుమంటే అక్కడే ఇచ్చేసి రా, ఇంటికి తెచ్చాక సర్దుకుపోతావు.

మీ ఇంట్లో పరిచినవి షాబాద్ బండలు. నున్నగా ఉంటాయి, జారతాయి. కాళ్ల కింద రబ్బరు ముక్కలు కొట్టించు. మీ అమ్మ చెప్పిన ప్లాస్టిక్ స్టూల్ వద్దనడానికి మొదటి కారణం ఈ బండలే. పెడల్ తొక్కిన ప్రతిసారీ అది వెనక్కి జరుగుతుంది, దాన్ని ఆపడానికి నువ్వు తెలియకుండానే తొడలు బిగబట్టి కూచుంటావు. ఎండకు, వయసుకు ప్లాస్టిక్ పెళుసెక్కి చప్పుడు లేకుండా విరుగుతుంది కూడా. ఇనుప పైపుల స్టూల్ చేయించుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. వెల్డింగ్ చుక్కలు చుక్కలుగా పెట్టకుండా చుట్టూ పట్టించాలి, కాళ్లకు రబ్బరు బుష్షులు ఉండాలి, పైన చెక్క పీఠం వేయించాలి. చక్రాల కుర్చీ మాత్రం ఎవరు ఉత్తగా ఇచ్చినా తీసుకోకు. పెడల్ నొక్కితే కుర్చీ వెనక్కి పోతుంది, మోచేతులకు కుర్చీ చేతులు అడ్డం వస్తాయి, గుడ్డ ఇరుక్కుంటుంది. వీపుకు ఆసరా కావాలంటే నడుము దగ్గర వెడల్పాటి చెక్క ఒకటి చాలు. అది కుట్టేటప్పుడు పనికిరాదు, ఊపిరి పీల్చుకునేటప్పుడు ఒక నిమిషం ఆనుకోవడానికి పనికొస్తుంది.

మెత్త కోసం స్పాంజి కొనకు. మరీ మెత్తటిది ఒళ్లును లోపలికి గుంజుకుంటుంది. పాత నూలు చీరలు మడిచి గట్టిగా కుట్టిన బొంత ఒక ఇంచు మందం చాలు. దానికి నూలు గలీబు కుట్టి నాలుగు మూలలా నాడాలు పెట్టు. రెక్సిన్ వెయ్యకు, ఏప్రిల్, మే నెలల్లో చెమటకు అంటుకుంటుంది.

ఎంత మంచి స్టూల్ అయినా లేవకుండా కూచునేవాళ్లను కాపాడలేదు. ఇస్త్రీ నిలబడి చెయ్యి, కటింగ్ నేల మీద వంగి చెయ్యకుండా ఎత్తైన బల్ల మీద చెయ్యి. బాబిన్ అయిపోయిన ప్రతిసారీ లేచి గుమ్మం దాకా పోయి రా.

డబ్బుల మాట. మిషన్‌కు, మోటారుకు, కత్తెరకు లెక్క చూసుకుని ఖర్చు పెట్టిన ఇంట్లో స్టూల్ దగ్గరికి వచ్చేసరికి "ఉన్నదానితో కానిద్దాం" అంటారు. మన ఆడవాళ్లం కూడా మన ఒంటికి పెట్టే ఖర్చు అనగానే వెనక్కి తగ్గుతాం. నువ్వు తగ్గకు. నీ నాలుగైదు లైనింగ్ జాకెట్ల కుట్టుకూలి పెడితే ఏళ్ల తరబడి నిలిచే స్టూల్ వస్తుంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి, దర్జీ పని అందులో ఒకటి. శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం అందులో ఉన్నాయి. నీకు వర్తిస్తుందో లేదో కనుక్కో. అది వచ్చినా రాకపోయినా స్టూల్ ఆపకు.

ఈ ఆదివారం మీ చెల్లిని కూచోబెట్టుకుని ఆ నాలుగు కొలతలు తీసి, కాగితం మీద రాసి, ఫోటో పంపు. మా వీధి వడ్లాయనకు కూడా చూపించి లెక్క సరిగ్గా ఉందో అడుగుతాను. దసరా బట్టలు రావడం మొదలుకాకముందే స్టూల్ నీ మిషన్ ముందు ఉండాలి.

మీ పెద్దమ్మ