పాత ఎంటీబీ సైకిలు హ్యాండిల్ పట్టేస్తోందా?

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో దుమ్ము కొట్టుకుపోయిన పాత ఎంటీబీని (మౌంటెన్ బైకుని) బయటికి తీస్తే గాలి కొట్టిస్తాం, బ్రేకులు చూస్తాం, చెయినుకి నూనె వేస్తాం. ఫ్రేము ముందు గొట్టంలో పైనొకటి, కిందొకటి ఉండే హెడ్‌సెట్ బేరింగులు మాత్రం ఎవరికీ గుర్తురావు. అవి అరిగితే హ్యాండిల్ లొడలొడలాడుతుంది, లేదా తిప్పుతుంటే ఒకచోట పట్టేస్తుంది. అప్పుడు చాలామంది చేసేది పై నట్టును ఇంకో చుట్టు బిగించడం. అది వైద్యం కాదు. అరిగిన బేరింగును బిగిస్తే మిగిలిన ఆయుష్షు కూడా పోతుంది.

1. రోగమేదో ముందు తేల్చుకోండి. ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకీ వెనక్కీ ఊపండి. రెండో చేతి వేలు కింది బేరింగు కప్పు, ఫోర్కు కలిసే చోట పెట్టండి. అక్కడ కదలిక తగిలితే హెడ్‌సెట్ లూజు. వేలు పెట్టకుండా చూస్తే మోసపోతాం: పాత షాక్ ఫోర్కుల్లో లోపలి బుష్‌లు అరిగినా, బ్రేకు ప్యాడ్లు వదులైనా అచ్చం ఇలాగే ఊగుతుంది.

2. తర్వాత ముందు చక్రం నేలమీంచి లేపి, హ్యాండిల్‌ను ఒక్క వేలితో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా నడిమధ్యలో, చక్రం తిన్నగా ఉన్నప్పుడు, టక్కున కూర్చుంటోందా? అయితే కప్పుల్లో గుంటలు పడ్డాయి. మనం ఎక్కువసేపు తిన్నగానే తొక్కుతాం కాబట్టి బేరింగు గోళీలు ఎప్పుడూ అదే చోట ఉండిపోతాయి. రోడ్డు అదురుకి అక్కడి గ్రీజు పక్కకి పోతుంది, ఇనుము ఇనుముతో రాసుకుని గోళీ గోళీకీ ఒక గుంట తయారవుతుంది. వీటిని బిగింపుతో సరిచేసే మెకానిక్ ఇంకా పుట్టలేదు.

3. మీది ఏ రకమో చూసుకోండి. హ్యాండిల్ స్టెమ్ ఫోర్కు గొట్టం లోపలికి దిగి, కింద పెద్ద నట్లు రెండు కనిపిస్తే అది మరల రకం. పాత సైకిళ్లలో ఎక్కువగా ఇదే. స్టెమ్ గొట్టాన్ని బయటినుంచి పట్టుకుని పక్కన అలెన్ బోల్టులు, పైన చిన్న మూత ఉంటే మరలు లేని రకం. మరల రకంలో అంగుళం గొట్టానికి 32 మి.మీ., అంగుళం అరపావు (1⅛) గొట్టానికి 36 మి.మీ. పానా సరిపోతుంది. పలచటి పానా అయితే మంచిది. పైపు రెంచితో పట్టారంటే నట్టు మూలలు గుండ్రమైపోతాయి.

4. కింద పాత దుప్పటి పరచకుండా ఏదీ విప్పకండి.

5. మరల రకంలో స్టెమ్ బోల్టును మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేయండి. లోపలి వెడ్జి కిందికి జారి స్టెమ్ వదులవుతుంది. బోల్టు పూర్తిగా తీసి లాగితే రాదు. ఏళ్లతరబడి కదపని స్టెమ్ తుప్పుతో అతుక్కుపోతుంది. తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా వదిలేయండి. ముందు చక్రం తీసేసి, హ్యాండిల్‌ను కేబుళ్లతో సహా ఫ్రేముకి తాడుతో కట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి.

6. ఫోర్కును ఒక చేత్తో కిందనుంచి పట్టుకునే పై నట్లు విప్పండి. వదిలేస్తే ఫోర్కు జారిపోతుంది, గోళీలు మంచాల కిందికి దొర్లిపోతాయి. పైవి, కిందివి వేరు వేరు గిన్నెల్లో వేసి లెక్కపెట్టి రాసుకోండి. గోళీలు కేజ్‌లో ఉంటే, కేజ్ ఏ వైపు తిరిగి ఉందో ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. తిరగేసి పెడితే కేజ్ రేకు కప్పుకి రాసుకుంటుంది.

7. అన్నిటినీ కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో బాగా కడిగి ఎండలో చూడండి. ఈ పని వంటింట్లో వద్దు. ఫోర్కు మీద కూర్చునే కింది కోనుని మరీ శ్రద్ధగా చూడాలి; రోడ్డు దెబ్బలూ, ముందు చక్రం చిమ్మే బురదనీళ్లూ దానికే ఎక్కువ. కళ్లకి నున్నగానే కనిపిస్తుంది. గోరు కొనని గోళీల దారి వెంట మెల్లగా నడపండి, గుంట ఉంటే గోరు ఆగుతుంది. ముందువైపు కొన్ని, వెనకవైపు కొన్ని వరసగా తగిలితే తీర్పు అయిపోయినట్టే. గుంటలు లేకుండా గోళీలు మాత్రమే మసకబారితే గోళీలు మారిస్తే చాలు. గుంటలుంటే కప్పులూ కోనులూ మార్చాల్సిందే. పాత కప్పులో కొత్త గోళీలు వేయడం గ్రీజు దండగ.

8. అయినా ఇప్పుడే కొత్త సెట్టు కొనే ఓపిక లేదంటారా? కేజ్ తీసేసి విడి గోళీలు వేయండి. కేజ్‌లో కంటే ఎక్కువ గోళీలు పడతాయి, కాబట్టి అన్నీ ఒకేసారి పాత గుంటల్లో కూర్చోవు, పట్టేయడం తగ్గుతుంది. నన్నడిగితే ఇది కొన్నాళ్లు గడుపుకోడానికి మాత్రమే. విడి గోళీలు వేసేటప్పుడు వరస నిండిపోయేలా కుక్కకండి. ఒక గోళీ పట్టేంత ఖాళీ మిగలాలి.

9. కొట్టుకి పాత ముక్కలన్నీ పట్టుకెళ్లండి. కొలత నోటితో చెబితే కొట్టువాడు ఏదో ఒకటి ఇస్తాడు. గోళీలు ఎక్కువగా 5/32 అంగుళం, అంటే దాదాపు 4 మి.మీ.; కొన్ని సెట్లలో 3/16 కూడా ఉంటాయి. పాతవీ కొత్తవీ కలిపి వేయొద్దు, మొత్తం మార్చండి. అంగుళం రకంలో ఫోర్కు మీద కూర్చునే కోను లోపలి వ్యాసం రెండు కొలతల్లో వస్తుంది: 26.4, 27.0 మి.మీ. చూస్తే తేడా తెలీదు. ఒకదాని బదులు ఇంకొకటి తెచ్చుకుంటే బిగుసుకుని దిగదు, లేదా వదులుగా ఊగుతుంది. వెర్నియర్‌తో కొలిపించుకోండి. మరలు లేని రకంలో సీలు బేరింగులుంటే వాటి మీద 36×45, 45×45 లాంటి కోణాలు రాసి ఉంటాయి. అదే కోణం, అదే బయటి వ్యాసం ఉన్నది కావాలి.

10. పాత కప్పుల్ని లోపలినుంచి ఇనుప కడ్డీతో, చుట్టూ మారుస్తూ మెల్లగా కొట్టి తీయొచ్చు. కొత్తవి ఎక్కించేటప్పుడు మాత్రం సుత్తి మానుకోండి. వంకరగా దిగిన కప్పు ఫ్రేము గొట్టాన్నే సాగదీస్తుంది. హార్డ్‌వేర్ కొట్లో ఒక మరల రాడ్డు, రెండు నట్లు, కప్పు మీద సమంగా ఆనే పెద్ద వాషర్లు కొనండి. రాడ్డు గొట్టంలోంచి దూర్చి, ఒక్కో కప్పునీ నట్టు తిప్పుతూ లోపలికి లాగండి. ఖాళీ లేకుండా అంచు ఆనేవరకూ. కప్పు చేత్తోనే దిగిపోతుంటే గొట్టం సాగిపోయింది, అక్కడితో ఆపి మంచి మెకానిక్‌కి చూపించండి.

11. గ్రీజు దగ్గర పిసినారితనం వద్దు. ఆటోమొబైల్ కొట్లో దొరికే లిథియం గ్రీజు చాలు. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె నాలుగు రోజుల్లో కారిపోతాయి. కప్పు నిండా గ్రీజు రాసి గోళీల్ని అందులో గుచ్చితే, ఫోర్కు ఎక్కించేటప్పుడు రాలవు.

12. బిగింపులోనే అసలు నేర్పుంది. మరల రకంలో పై కప్పును చేత్తో ఆనేవరకూ తిప్పి, దాన్ని ఒక పానాతో కదలకుండా పట్టుకుని, లాక్‌నట్టును రెండో పానాతో బిగించండి. బిగించాక హ్యాండిల్ బరువెక్కితే కొద్దిగా వెనక్కి. మరలు లేని రకంలో పైమూత బోల్టు పని వదులు తీయడమే, పట్టుకునేది పక్క బోల్టులు. కాబట్టి పక్కవి వదులుగా ఉన్నప్పుడే పైది తిప్పాలి. పక్కవి బిగించాక పైది ఎంత తిప్పినా లాభం లేదు. రెండు మూడు సార్లు తొక్కాక మళ్లీ ఒకసారి చూడండి, కొత్త కప్పులు సర్దుకుని కాస్త వదులవుతాయి.

13. కడిగేటప్పుడు సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ హెడ్‌సెట్ వైపు పెట్టనివ్వకండి. బకెట్ నీళ్లు, గుడ్డ చాలు.

14. అన్నీ అయ్యాక ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్‌ను గట్టిగా మెలితిప్పండి. చక్రంతో సంబంధం లేకుండా హ్యాండిల్ తిరిగితే స్టెమ్ బోల్టు బిగింపు చాల్లేదు. స్టెమ్ మీద గీసి ఉన్న కనీస లోతు గుర్తు పైకి కనిపించకూడదు. ఈ రెండూ చూడకుండా సైకిలు పిల్లల చేతికి ఇవ్వకండి.