మాట వెనుక సైన్సు: ‘ఇనర్ట్’ అంటే ఏమిటి?

రసాయనశాస్త్రం పాఠంలో ‘ఇనర్ట్ గ్యాసెస్’ అనే మాట మీరు చదివే ఉంటారు. తెలుగులో వాటిని జడవాయువులు అంటాం. ‘ఇనర్ట్’ అనే ఈ విశేషణానికి అర్థమేమిటని అడిగితే చాలామంది “ఏ పనీ చేయనిది” అని ఊరుకుంటారు. అది సగం జవాబు మాత్రమే.

ఈ మాటకు మూలం లాటిన్ భాష. అందులో ‘ఆర్స్’ అంటే నేర్పు. దానికి ముందు ‘లేదు’ అనే అర్థమిచ్చే ‘ఇన్’ చేరి ‘ఇనెర్స్’ అయింది. అంటే నేర్పు లేని, సోమరియైన అని అర్థం.

వాడుకలో మొదటి అర్థం చలనం లేని. ‘హి లే ఇనర్ట్ ఆన్ ద ఫ్లోర్’ అంటే, అతడు కదలకుండా నేలమీద పడి ఉన్నాడని. బద్ధకస్తుణ్ణి చెప్పాలంటే మామూలుగా ‘లేజీ’ అంటారు. విత్తనాన్ని ‘డార్మెంట్’ అనాలి. అది నిద్రలో ఉంది; తడి తగిలితే మేల్కొంటుంది. గులకరాయిని ఎన్నాళ్లు తడిపినా మొలకెత్తదు, అది ఇనర్ట్.

రెండవ అర్థం రసాయనశాస్త్రానిది: ఇతర పదార్థాలతో సులభంగా చర్య జరపనిది. గాలినుంచి తీసిన నత్రజని, రసాయనాలనుంచి తయారైన నత్రజనికన్న సుమారు 200లో ఒక వంతు బరువుగా ఉన్నట్లు రేలీ గమనించాడు. ఆ చిన్న తేడాను పట్టుకుని 1894లో రేలీ, రామ్సే గాలిలో దాగిన కొత్త వాయువును కనిపెట్టారు. అది దేనితోనూ కలవలేదు. అందుకే గ్రీకులో సోమరి అనే అర్థం వచ్చేటట్లు ‘ఆర్గాన్’ అని పేరు పెట్టారు. అయితే 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ ఆ కుటుంబానికే చెందిన జెనాన్‌తో ఒక సమ్మేళనాన్ని తయారుచేశాడు! కాబట్టి వీటిని ఇప్పుడు ఎక్కువగా ఉత్కృష్ట వాయువులు అంటున్నారు.

ఇక ‘ఇనర్షియా’, అంటే జడత్వం. ఇదీ ఆ మూలంనుంచి వచ్చిందే. కాని తికమక పడకండి. ద్రవ్యరాశి ఉన్న ప్రతి వస్తువుకూ, కదులుతున్నా ఆగి ఉన్నా, జడత్వం ఉంటుంది. బస్సుకు బ్రేకు వేయగానే మీరు ముందుకు తూలేది దానివల్లనే.

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి: ఇనర్ట్ అంటే ‘హాని చేయనిది’ అని కాదు. నిప్పు అంటుకోకుండా కొన్ని ట్యాంకులలో నైట్రోజన్ నింపుతారు. అందులోకి దిగిన మనిషికి ఆక్సిజన్ అందదు. ఊపిరాడడం లేదని మనకు తోచేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడు పేరుకున్నప్పుడు. నైట్రోజన్ పీల్చేవాడు దాన్ని బయటికి వదులుతూనే ఉంటాడు. కనుక ఏ హెచ్చరికా లేకుండానే స్పృహ తప్పుతుంది. అతణ్ణి కాపాడాలని వెంటనే దూకినవారికీ అదే గతి. గాలి పరీక్షించకుండా, శ్వాస పరికరం లేకుండా అలాంటి చోటికి దిగకూడదు. పైనుంచే సహాయం పిలవాలి.

ఇప్పుడు చెప్పండి, వీటిలో ఇనర్ట్ అనదగినది ఏది?

1. చలికాలమంతా నిద్రపోయే ఎలుగుబంటి
2. విద్యుద్దీపంలో నింపిన ఆర్గాన్
3. హోంవర్కు చేయని విద్యార్థి

జవాబు: రెండవది. మొదటిది డార్మెంట్. మూడవది ఏమిటో మీకే తెలుసు!