కాలేజీలో వికలాంగ విద్యార్థుల హక్కులు: తరచూ అడిగే ప్రశ్నలు

మెట్లున్నచోట ర్యాంపు ఉండదు. నోట్సు పీడీఎఫ్‌లో ఇస్తారు గానీ అది స్క్రీన్ రీడర్‌కు చదవడానికి రాదు. ఇలాంటి అడ్డంకులు తొలగించే బాధ్యత విద్యాసంస్థదేనని వికలాంగుల హక్కుల చట్టం, 2016 అంటోంది. 2017 ఏప్రిల్ 19 నుంచి ఇది అమల్లో ఉంది.

ఈ చట్టం ఎవరికి వర్తిస్తుంది?

1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఇప్పుడు 21. చూపు, వినికిడి, నడకకు సంబంధించినవే కాదు. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం, మానసిక అనారోగ్యం, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ కూడా అందులో ఉన్నాయి.

సదరం వైద్య పరీక్షలో నాకు 40 శాతం వైకల్యం రాలేదు. ఇక ఏమీ అడగకూడదా?

అడగొచ్చు. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్‌కూ, అయిదేళ్ల వయోపరిమితి సడలింపుకూ 40 శాతం ఉండాలి. చదువుకు, పరీక్షకు కావలసిన సదుపాయాలకు ఆ గీత లేదు. రాయబోతే చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న వికాస్ కుమార్‌కు సివిల్స్ పరీక్షలో స్క్రైబ్‌ను (బదులుగా రాసిపెట్టేవారిని) నిరాకరించిన కేసులో, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. దాని ఫలితంగా 40 శాతం లోపు ఉండి, రాయడం కష్టమైనవారికి కేంద్రం 2022 ఆగస్టులో వేరుగా మార్గదర్శకాలు ఇచ్చింది.

పరీక్షలో అదనపు సమయం ఎంత?

గంటకు కనీసం 20 నిమిషాలు. అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే స్క్రైబ్‌ను పెట్టుకోకుండా సొంతంగా రాసినా ఈ సమయం ఇవ్వాలని కేంద్రం 2018 మార్గదర్శకాలు చెప్పాయి. స్క్రైబ్‌ను మీరే తెచ్చుకోవాలా, పరీక్ష పెట్టేవారే ఇస్తారా అన్నది నోటిఫికేషన్‌లో ముందే చూసుకోండి.

తరగతిలో ఏమేం అడగొచ్చు?

చట్టం జాబితా కట్టి ఆగిపోలేదు. విద్యార్థి అవసరాన్ని బట్టి ఇవ్వాలంది. వీల్‌చైర్‌లో వచ్చేవారికి క్లాసును కింది అంతస్తుకు మార్చడం, వినికిడి లోపం ఉన్నవారికి సైగల భాషా అనువాదకులు, చూపులేనివారికి బ్రెయిలీ లేదా చదివించుకోగల ఫైళ్లు, రక్తం ఎక్కించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లే తలసీమియా విద్యార్థికి హాజరులో వెసులుబాటు వంటివి కోరవచ్చు. పుస్తకాన్ని మీరు చదవగల రూపంలోకి మార్చుకోవడానికి కాపీరైట్ అడ్డు రాదు; 2012 సవరణతో చట్టమే అనుమతించింది.

ఆన్‌లైన్ కోర్సులకూ ఇవే హక్కులా?

అవును, పాఠం తెర మీదికి మారినంత మాత్రాన బాధ్యత తగ్గదు. వీడియోలకు క్యాప్షన్లు, స్క్రీన్ రీడర్‌తో పనిచేసే వెబ్‌సైటు, ఫొటో తీసి పెట్టిన పేజీలకు బదులు అక్షరాలున్న ఫైళ్లు అడగండి. కెమెరా నిఘాలో జరిగే పరీక్షల్లో ఇంకో చిక్కుంది: చూపు నిలపలేనివారినీ, పక్కన సహాయకులున్నవారినీ సాఫ్ట్‌వేర్ అనుమానించవచ్చు. మినహాయింపును పరీక్షకు ముందే రాయించుకోండి. కళ్లార్పి చూపమనే కేవైసీ (ఖాతాదారు గుర్తింపు ధ్రువీకరణ) వల్ల యాసిడ్ దాడి బాధితులు ఎదుర్కొన్న ఇబ్బందిపై 2025 ఏప్రిల్‌లో తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది.

మాది ప్రైవేటు కాలేజీ. వర్తించదంటున్నారు?

సదుపాయాల బాధ్యత ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి సంస్థకూ ఉంది. ఎయిడ్ లేని కాలేజీలకు వర్తించనిది ఈ చట్టంలోని 5 శాతం రిజర్వేషన్ నిబంధన. సంస్థ మోయలేనంత భారమైన కోరికను కాదనవచ్చు గానీ, ‘ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు’ అన్నది కారణం కాదు.

ఎప్పుడు, ఎలా అడగాలి?

చేరిన మొదటి వారాల్లోనే, రాతపూర్వకంగా. ప్రిన్సిపాల్‌కు ఇచ్చే దరఖాస్తులో జబ్బు వివరాలకన్నా కావలసిన సదుపాయం స్పష్టంగా ఉండాలి. సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ (వికలాంగుల విశిష్ట గుర్తింపు) కార్డు నకలు జతచేసి, అందినట్టు సంతకం తీసుకోండి. ఆలస్యమైతే నష్టం తిరిగి రాకపోవచ్చు. 2021 నీట్‌లో అదనపు గంట ఇవ్వని ఘటనలో సుప్రీంకోర్టు తప్పు నిర్వాహకులదేనని చెప్పినా, ఆ విద్యార్థినికి మళ్లీ పరీక్ష పెట్టమనలేదు.

పట్టించుకోకపోతే?

ముందు కాలేజీలోనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే, ప్రైవేటు కాలేజీ అయినా సరే, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయండి. సాక్షులను పిలిపించి, పత్రాలు తెప్పించుకునే సివిల్ కోర్టు అధికారాలు కమిషనర్‌కు ఉన్నాయి. కమిషనర్ సిఫారసుపై ఏం చేసిందీ సంస్థ మూడు నెలల్లో తెలపాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి రూ.10 వేల దాకా, మళ్లీ చేస్తే రూ.50 వేల నుంచి రూ.5 లక్షల దాకా జరిమానా ఉంటుంది. మీ ఫిర్యాదుకు బలం మొదటి దరఖాస్తు నకలే కాబట్టి దాన్ని డిగ్రీ చేతికొచ్చేదాకా దాచుకోండి.