పగడం రాయి కాదు

మంగళసూత్రం తాడుకు నల్లపూసలతో పాటు పగడాలు గుచ్చుకుంటారు. పగడం ఎర్రగా, నున్నగా ఉంటుంది. చాలామంది దాన్ని రాయి అనుకుంటారు. రాయి కాదు. సముద్రంలో బతికే చిన్న జీవుల ఎముక లాంటిది. (ఇప్పుడు అంగట్లో గాజు పగడాలు, ప్లాస్టిక్ పగడాలు కూడా అమ్ముతున్నారు. అది వేరే సంగతి.)

నగల పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చింది. అది చాలా దూరం. మన దేశం చుట్టూ ఉన్న పగడాలు వేరే రకం. ఒక్కో జీవి ఇంచుమించు బియ్యపు గింజంత ఉంటుంది. సముద్రపు నీటిలోంచి సున్నం తీసుకుని గూడు కట్టుకుంటుంది. పాత గూళ్ళ మీద కొత్త గూళ్ళు లేస్తాయి. వేల ఏళ్ళకు అది పెద్ద దిబ్బ అవుతుంది. జూబ్లీహిల్స్‌లో పెద్ద పెద్ద బండలు చూశారు కదా! ఆ బండలు ప్రాణం లేనివి. ఈ దిబ్బలు ప్రాణులు కట్టినవి. చేపలు ఇక్కడే దాక్కుంటాయి, ఇక్కడే గుడ్లు పెడతాయి. దిబ్బ పోతే జాలరి వలలో చేప తగ్గుతుంది.

పగడం పిల్లల్ని ఎలా కంటుంది? రాయికి పురుడేమిటని నవ్వకండి. చాలా రకాలు ఏడాదిలో కొన్ని రాత్రులే గుడ్లు వదులుతాయి. అది ఎక్కువగా పున్నమి దాటిన కొద్ది రోజులకు. ఆ రాత్రి దిబ్బ దిబ్బంతా ఒక్కసారి కదిలినట్టు ఉంటుంది. గులాబి రంగు ఆవగింజల్లాంటివి నీళ్ళలో పైకి తేలుతాయి. వాటిలో గుడ్లూ ఉంటాయి, మగ బీజాలూ ఉంటాయి. అవి కలిస్తే పిల్ల పుడుతుంది. పిల్ల కొన్నాళ్ళు ఈదుతుంది. తర్వాత గట్టి చోటు చూసుకుని అతుక్కుంటుంది. ఇక జన్మలో అక్కడి నుంచి కదలదు.

ఆస్ట్రేలియాలో ఈ సంగతి 1980ల్లో బయటపడింది. పి.హెచ్.డి. అనే పెద్ద చదువు అయిపోయాక కూడా కొందరు దీని మీదే పరిశోధన చేస్తారు. ఆడవాళ్ళూ ఉన్నారు. ఆ రాత్రులు టార్చి లైటు పట్టుకుని నీళ్ళలో కాపు కాస్తారు. గుడ్లు పట్టి, తొట్లలో పిల్లల్ని పెంచుతారు. ఆ రాత్రి తప్పిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి.

పగడానికి వేడి పడదు. దాని ఒంట్లో ఒక రకం నాచు ఉంటుంది. ఆ నాచే తిండి పెడుతుంది, రంగు ఇస్తుంది. సముద్రం మామూలు ఎండాకాలం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే నాచు వెళ్ళిపోతుంది. పగడం తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో మన సముద్రాల్లో ఇలా జరిగింది.

ఈ వేడిని కనిపెట్టేది మన హైదరాబాదులోనే! ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ 1999లో మొదలైంది. మొదట్లో జూబ్లీహిల్స్‌లోని నందగిరి హిల్స్‌లో ఉండేది. తర్వాత ప్రగతినగర్‌కు వెళ్ళింది. ఉపగ్రహాలు సముద్రపు వేడి కొలుస్తాయి. ఆ లెక్క చూసి పగడాలకు ముప్పుందని 2011 నుంచి ముందే చెబుతున్నారు. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని!

కృష్ణా, గోదావరి బురద నీళ్ళు కలిసే మన తీరంలో పెద్ద దిబ్బలు లేవు. తమిళనాడులో రామేశ్వరం, తూత్తుకుడి మధ్య ఉన్నాయి. అక్కడ ఒకప్పుడు సున్నం కోసం పగడాన్ని తవ్వుకుపోయారు. 21 దీవుల్లో రెండు నీళ్ళలో మునిగాయి. 2001లో పగడాన్ని తీయకూడదని చట్టం వచ్చింది. 2002 నుంచి తూత్తుకుడి పరిశోధకులు పగడాన్ని మళ్ళీ నాటుతున్నారు. చిన్న ముక్కలు తెచ్చి సిమెంటు చట్రాలకు కట్టి, సముద్రం అడుగున దింపుతారు. గుండు రకం ఏడాదికి వేలి మందం కూడా పెరగదు.

ముక్కలు నాటితే అన్నీ ఒక తల్లి పోలికే. తల్లి వేడికి ఓర్వకపోతే అవీ ఓర్వవు. గుడ్ల నుంచి పుట్టిన పిల్లలు అలా కాదు. ఒక్కోటి ఒక్కో తీరు. అందుకే వేడికి ఓర్చి బతికిన పగడాల గుడ్లు తీసి, వాటి పిల్లల్ని పెంచి చూస్తున్నారు.