తీసే దారి తెలిశాకే పెట్టు

గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసి బతికినవాణ్ని. దుకాణం మూసేశాక కూడా పిల్లలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికే వస్తున్నారు. నరసరావుపేట వాడైనా, మార్టూరు పిల్లైనా, అద్దంకి నుంచి వచ్చినా చెప్పేది ఒకటే: "తాతా, నిన్నటిదాకా బాగానే ఆడింది. మాడ్లు వేశాక స్కైరిమ్ తెరుచుకోవట్లా."

మాడ్ అంటే తెలియని పెద్దలకు ఒక్క మాట. ఆట తయారుచేసిన కంపెనీ కాకుండా, ఆడేవాళ్లే తయారుచేసి ఆటకు జతచేసే మార్పు అది. కొత్త కత్తి కావచ్చు, కొత్త ఊరు కావచ్చు, కంపెనీ వదిలేసిన తప్పు దిద్దడం కావచ్చు. ఒక పాత్రను ఎంచుకుని, దాన్ని పెంచుకుంటూ కథ నడిపే స్కైరిమ్ లాంటి రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఈ సరదా మరీ ఎక్కువ. వచ్చినవాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పేవి ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు ఉత్త ఆట ఆడు

ఏ మాడూ లేకుండా ఒక గంట ఆడి చూడు. స్కైరిమ్ అయితే మొదట్లోనే వచ్చే హెల్గెన్ ఊళ్లో తల నరికించుకోకుండా బయటపడి రివర్‌వుడ్ పల్లె చేరేదాకా చాలు. అప్పుడు కూడా ఆగిపోతుంటే జబ్బు యంత్రంలో ఉందన్నమాట, మాడ్లను తిట్టి లాభం లేదు. ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో పెట్టకు. అక్కడ ఫైళ్లు మార్చబోతే విండోస్ అడ్డం పడుతుంది. డి డ్రైవులో వేరే ఫోల్డరు చేసి అందులో పెట్టు. ఇంకోటి. విండోస్‌లో నీ యూజర్ పేరు తెలుగు అక్షరాల్లో పెట్టుకోకు. బాల్డర్స్ గేట్ 3 అనే ఆట తన మాడ్లను ఆ పేరున్న ఫోల్డరు లోపలే దాస్తుంది. మాడ్ల కోసం రాసిన చిన్న పనిముట్లు చాలావాటికి ఇంగ్లీషు కాని అక్షరం దారిలో తగిలితే దిక్కు తోచదు. భాషాభిమానం చూపించడానికి చోట్లు వేరే ఉన్నాయి.

2. పేజీ చదవకుండా డౌన్‌లోడ్ నొక్కకు

స్కైరిమ్ అనే పేరుతో ఉన్న ఆట ఒకటి కాదు. 2011 నవంబరు 11న వచ్చింది 32 బిట్ ఆట. 2016 అక్టోబరులో వచ్చిన స్పెషల్ ఎడిషన్ 64 బిట్. ఒకదాని మాడ్ తెచ్చి రెండోదాంట్లో వేస్తే పనిచేయకపోగా, ఉన్న ఆటను కూలగొట్టవచ్చు. ఆటకు లేని శక్తులు మాడ్లకు ఇచ్చే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే పనిముట్టు సంగతి ఇంకా పట్టింపు: అది ఆట వెర్షన్ చివరి అంకెదాకా చూస్తుంది. 1.5.97కు రాసింది 1.6.1170లో నడవదు. అందుకని మాడ్ పేజీలో మూడు చూడు: ఏ వెర్షన్‌కు, దానికి ముందు ఇంకేం కావాలి, చివరిసారి ఎప్పుడు సరిచేశారు. ఆ తర్వాత కింద జనం రాసిన ఫిర్యాదులు చదువు. నీకు రాబోయే కష్టం అక్కడ ఎవరో ముందే పడి ఉంటారు.

3. ఆట ఫోల్డరులో చేత్తో ఫైళ్లు కుమ్మరించకు

నా దగ్గరకొచ్చే యంత్రాల్లో సగం రోగం ఇదే. జిప్ విప్పడం, డేటా ఫోల్డరులో పడేయడం, "పాతదాని మీద రాయనా?" అని అడిగితే "సరే" నొక్కడం. ఇక ఏ ఫైలు కంపెనీదో, ఏది ఎవరిదో బ్రహ్మకు కూడా తెలియదు. మాడ్ ఆర్గనైజర్ 2 లాంటి పనిముట్టు వాడు. అది ప్రతి మాడ్‌నూ దాని ఫోల్డరులోనే ఉంచి, ఆట నడిచేటప్పుడు మాత్రం అన్నీ ఒకే చోట ఉన్నట్టు ఆటను నమ్మిస్తుంది. టిక్కు తీస్తే మాడ్ పోతుంది, అసలు ఆట చెక్కుచెదరదు.

పాత ఆటలవాళ్లు ఇంతకన్నా ముందే ఈ పాఠం నేర్చారు. 1998 నాటి బాల్డర్స్ గేట్‌కూ, 2000లో వచ్చిన రెండో భాగానికీ వైడూ అనే పనిముట్టు ఉంది. అది వేసిన ప్రతి మాడ్‌నూ ఒక లాగ్ ఫైలులో వరుసగా రాసుకుంటుంది. మధ్యలోది ఒకటి తీయమంటే, దానిమీద వేసినవన్నీ చివరినుంచి ఒక్కొక్కటే విప్పి, దాన్ని తీసి, మళ్లీ అన్నీ అదే వరుసలో వేస్తుంది. పావుగంట పట్టినా మధ్యలో ఆపకు.

4. వరస తప్పితే అన్నీ ఉన్నా లేనట్టే

మన మిరప రైతుకు ఇది చెప్పక్కర్లేదు. 2021 చివర్లో నల్ల తామరపురుగు విరుచుకుపడ్డప్పుడు, దొరికిన మందల్లా ఒకే డ్రమ్ములో కలిపి కొట్టినవాళ్లను చూశాం. పొడి మందు ముందు నీళ్లలో బాగా కలిశాకే నూనె మందు పోయాలి. తిరగేస్తే తరకలు కట్టి నాజిల్ పూడుకుపోతుంది. తెలిసిన రైతు ముందు సీసాలో కొంచెం కలిపి చూస్తాడు.

మాడ్లలోనూ అంతే. ఒక మాడ్ ఒక దుకాణదారుడి దగ్గర డబ్బు పెంచింది, ఇంకోటి అతని బట్టలు మార్చింది అనుకో. ఆటకు ఆ మనిషి ఒక్కటే చీటీ. చివర వచ్చిన మాడ్ చీటీయే మొత్తంగా చెల్లుతుంది, ముందుదాని డబ్బు మాయమవుతుంది. రెండూ కావాలంటే వాటిని కలిపే ప్యాచ్ విడిగా ఉండాలి. మాడ్ ఆర్గనైజర్‌లో ఎడమ పక్క జాబితా బొమ్మల, శబ్దాల ఫైళ్ల వరస, కుడి పక్కది ప్లగిన్ల వరస, అంటే ఆ చీటీలు మోసే ఫైళ్లది. లూట్ అనే పనిముట్టు కుడిపక్కదే సర్దుతుంది. ఎడమపక్కది నువ్వే చూసుకోవాలి. అక్కడ మెరుపు గుర్తు పక్కన ప్లస్ ఉంటే ఆ మాడ్ ఇంకొకదాన్ని కప్పేస్తోంది, మైనస్ ఉంటే అదే కప్పబడుతోంది.

5. ఒక్కొక్కటే వెయ్యి, ఆడి చూడు, రాసిపెట్టు

రాత్రికి రాత్రి వంద మాడ్లు వేసినవాడికి ఏది చెడగొట్టిందో తెలియదు. అప్పుడు సగం తీసి చూడటం, అందులో మళ్లీ సగం తీసి చూడటం ఒక్కటే దారి. ఎన్ని వేయొచ్చనేదానికి లెక్క కూడా ఉంది: స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ ప్రతి ప్లగిన్‌కూ రెండంకెల హెక్సాడెసిమల్ సంఖ్య ఇస్తుంది, కాబట్టి పూర్తి స్థాయివి 254 దాటకూడదు. తేలిక రకం ప్లగిన్లు మాత్రం ఒకే సంఖ్య కింద వేలల్లో సర్దుకుంటాయి. ఒక నోటుపుస్తకంలో తేదీ, మాడ్ పేరు, వెర్షన్, ఎందుకు వేశావో రాసుకో. ఆ "ఎందుకు" రాయలేకపోతే ఆ మాడ్ నీకు అక్కర్లేదు.

6. సగం కథలో స్క్రిప్ట్ మాడ్ పీకకు

కత్తి రంగు మార్చే మాడ్‌ను ఎప్పుడైనా తీసెయ్యవచ్చు. ఆకలి, చలి, కొత్త కథలు నడిపే స్క్రిప్ట్ మాడ్లు అలా కాదు. వాటి లెక్కలు సేవ్ ఫైలులో ఇంకిపోతాయి. మాడ్ తీసినా సేవ్ దాన్ని వెతుక్కుంటూనే ఉంటుంది. తీయాలంటే అది వేయకముందరి సేవ్‌కు వెనక్కి వెళ్లు, లేదా కథ పూర్తిచేసి తీయి. అందుకే ప్రతి పెద్ద మాడ్‌కు ముందు వేరే పేరుతో సేవ్ చేసి పెన్‌డ్రైవులోకి తీసుకో. ఎండాకాలం చెప్పకుండా పోయే కరెంటుకు కూడా అదే మందు.

7. కంపెనీ అప్‌డేట్ ఇస్తే తొందరపడకు

ఫాల్‌అవుట్ లండన్ అని, ఫాల్‌అవుట్ 4 మీద అభిమానులు ఏళ్ల తరబడి కట్టిన ఓ మహా మాడ్ ఉంది. 2024 ఏప్రిల్ 23న విడుదల అన్నారు. రెండు రోజుల తర్వాత కంపెనీ పెద్ద అప్‌డేట్ ఇస్తోందని తెలిసి ఆగక తప్పలేదు. చివరికి జూలై 25న బయటికొచ్చింది, అదీ ఆటను పాత వెర్షన్‌కు దించుకుంటేనే నడిచేట్టు. అందుకే ఆటలు అమ్మే స్టీమ్‌లో "ఆట తెరిచినప్పుడే అప్‌డేట్ చెయ్యి" అని పెట్టుకుని, స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ ద్వారానే ఆట తెరువు.

8. యంత్రం శక్తి చూసుకో

నాలుగు జీబీ గ్రాఫిక్స్ ల్యాప్‌టాప్‌లో 4కె బొమ్మలు పొయ్యకు. 2కె చాలు. మే నెలలో మన ఎండకు, మిర్చి యార్డు పక్క ఇళ్లలో దుమ్ముకు ఫ్యాను ముందే మొత్తుకుంటుంది. దాన్ని శుభ్రం చేయిస్తే ఏ మాడూ ఇవ్వనంత వేగం వస్తుంది.

9. చేసినవాడి కష్టం గుర్తించు

వాంపైర్: బ్లడ్‌లైన్స్ అనే ఆట 2004లో తప్పులతో విడుదలైంది. మరుసటి ఏడే దాన్ని చేసిన ట్రోయికా కంపెనీ మూతపడింది. ఇవాళ ఆ ఆట ఆడగలుగుతున్నామంటే అభిమానులు దిద్దిన ప్యాచ్ వల్లే. 2015 ఏప్రిల్‌లో స్టీమ్‌లో స్కైరిమ్ మాడ్లు డబ్బుకు అమ్మడం మొదలెట్టి, చేసినవాడికి నాలుగో వంతే ఇస్తామన్నారు. గొడవ రేగి నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. మాడ్ చేసినవాళ్ల పేజీకే వెళ్లి దించుకో, ఒక మెచ్చుకోలు నొక్కు. ఇంకొకరు ఎత్తుకొచ్చి పెట్టిన చోట దించుకుంటే కంప్యూటర్‌లోకి ఏ దరిద్రం వస్తుందో చెప్పలేం.

10. చివరికి నువ్వే ఒకటి చెయ్యి

ఫర్‌గాటెన్ సిటీ 2015లో స్కైరిమ్ మాడ్. ఆస్ట్రేలియా రచయితల సంఘం దాని కథకు బహుమానమిచ్చింది. 2021లో అదే సొంత ఆటగా వచ్చింది. క్రియేషన్ కిట్ స్కైరిమ్ కొన్నవాళ్లందరికీ ఉచితం. కొండవీటి కోటలాంటి కోటో, కారెంపూడి వీరుల గుడిలాంటి గుడో కట్టాలనిపిస్తే కట్టు. అయితే తెలుగు అక్షరాలతో మొదలెట్టకు. ఒత్తులూ గుణింతాలూ పేర్చడం స్కైరిమ్ లాంటి ఆటల పాత ఇంజిన్లకు రాదు. ముందు ఒక్క గది, ఒక్క మనిషి, ఒక్క పని. పూర్తయ్యాక పేజీ రాసేటప్పుడు గొప్పలన్నిటికన్నా పైన, దీన్ని ఎలా తీసెయ్యాలో రాయి. అది రాయడం నీకే రాకపోతే విడుదల చెయ్యకు.